ముందు సీటాయన లేని పాట

బండపల్లెలో ఐలవ్వ నోరు తెరిచిందంటే రెండే రెండు వచ్చేవి: ఒకటి పాట, రెండోది తిట్టు. ఏది వస్తుందో ఆమెకే ముందు తెలిసేది కాదు. మెట్‌పల్లికి నాలుగు మైళ్ల దూరంలో, పసుపు చేన్ల నడుమ ఉన్న ఊరు అది. ఐలవ్వ భర్త హనుమండ్లు మస్కట్‌లో తాపీపని చేసేవాడు. రెండేళ్లకోసారి వచ్చి, ఇంట్లో ఒక టేప్‌రికార్డరో సెంటు సీసానో పెట్టి మళ్లీ విమానమెక్కేవాడు. ఐలవ్వ పొద్దున చేనుకు పోయి, మధ్యాహ్నం నుంచి అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడే ఆమెకు తాళం. ఆ తాళం మీద ఆమె పాటలు కట్టేది. అక్షరం ముక్క రాదు గానీ, తాను కట్టిన పాటలో ఎవరైనా ఒక్క మాట అటూ ఇటూ చేస్తే, కత్తెర చూపించి మరీ సరిచేసేది.

ఆ పాటలన్నింటిలో ఊరంతటికీ నోటికి వచ్చిన పాట తమ్ముడి పాట. తమ్ముడంటే కొండల్. యుద్ధంలో ఓడ మీది నుంచి విమానమెక్కి వెళ్లి వచ్చినవాడు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఏ రోజు ఏ పాట పాడినా, చివరి రోజు సద్దుల నాడు మాత్రం ఈ పాట పాడందే బతుకమ్మలు కదిలేవి కావు. పక్క ఊళ్లకు కోడళ్లుగా పోయిన ఆడపిల్లలు ఈ పాటను తమతో పట్టుకుపోయారు. కోరుట్ల దాకా పాకిందని ఐలవ్వ చెప్పుకునేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె బొట్టు కూడా ఇంకాస్త పెద్దగా కనిపించేది.

కొండల్ ఆమెకన్నా ఆరేళ్లు చిన్న. కన్నతల్లి యాదవ్వ పొలం పనికి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఐలవ్వే. పదో తరగతి తప్పాక, ఎవరితోనూ చెప్పకుండా విశాఖపట్నం పోయి నేవీలో చేరాడు. బాపు లచ్చయ్య నెల రోజులు అన్నం సరిగా తినలేదు. సరే, ఓడ నౌకరీ అని మెల్లగా మనసు సర్దుకుంటుండగా 1969లో ఇంకో ఉత్తరం వచ్చింది. బడి పంతులు బుచ్చిరాములు చదివి వినిపించాడు. ట్రైనింగ్ పాసయ్యాననీ, ఇక నుంచి విమానంలో పని అనీ అందులో ఉంది.

"గిదేంది పంతులూ, ఓడల నౌకరీ అన్నడు గదా! మల్ల ఇమానమంటడేంది?" అన్నాడు లచ్చయ్య.

"ఓడ మీదనే ఇమానాలుంటయట లచ్చయ్యా. ఆన్నుంచే ఎగిరి, మల్ల ఆన్నే దిగుతయట."

"నీళ్ల మీద ఉండే ఓడ, దాని మీద ఇమానం! నా కొడుకు అబద్ధం గూడ సక్కగ ఆడరాదు," అని లచ్చయ్య లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. ఐలవ్వ మాత్రం ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకుంది.

డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చింది. డిసెంబర్ చలిలో ఊరు ఊరంతా గ్రామ పంచాయతీ రేడియో ముందు కూర్చుంది. తూర్పు సముద్రంలో మన విమానాలు దాడికి వెళ్లాయని చెప్పినప్పుడల్లా యాదవ్వ కొంగు నోట్లో కుక్కుకునేది, ఐలవ్వ రేడియోనే తిట్టేది. "పోయినయన్నవు, మల్ల వచ్చినయో లేదో సెప్పవేందే?" అని. వచ్చాయి. కొండల్ కూడా వచ్చాడు. మరుసటి ఏడు బతుకమ్మ పండుగకు సెలవు మీద, తెల్ల బట్టల్లో, మీసం మెలేసుకుని బండపల్లెలో దిగాడు. వాణ్ణి చూడగానే ఐలవ్వ పాటా పాడలేదు, తిట్టూ తిట్టలేదు. గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

ఆ రోజే అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుంది. ఓడ ఎంత పొడుగు, విమానం ఎట్లా దిగుతుంది, అన్నీ. ఓడ మీద అడ్డంగా ఉక్కు తాళ్లు కట్టి ఉంటాయని, విమానం తోక కింద కొక్కెం ఒకటి వేలాడుతుందని, అది తాడును పట్టుకుంటేనే విమానం ఆగుతుందని, లేకపోతే మళ్లీ ఎగరాలని కొండల్ చేతులు తిప్పుతూ చెప్పాడు. ఒక రోజు వానలో, మబ్బులో, రెండుసార్లు తాడు అందలేదని, మూడోసారి అందిందని, అప్పటికి ట్యాంకులో చమురు అడుగంటిందని కూడా చెప్పాడు.

"నువ్వే నడిపినవారా?" అంది ఐలవ్వ, కళ్లు పెద్దవి చేసుకుని.

"నేనెక్కడ అక్కా! ముగ్గురముంటం. నేను ఎనక సీట్ల కూసుంట. డబ్బా మీద గీతలు సూసుకుంట, నీళ్ల కింద దుష్మన్ ఓడ ఉన్నదా లేదా సెప్పుడు నా పని. నా పక్కన పంజాబు సారు తొవ్వ సూపిస్తడు. నడిపేది ముందు సీట్లున్న మా సారు. మన దిక్కాయననే, ఆసిఫాబాద్. రామేశ్వర్‌రావు సారు. ఎంత మంచోడో తెలుసా..."

"రావు దొరనా?" అంది ఐలవ్వ. అంతే. ఆ తరువాత ఆమె చెవులు ముందు సీటు గురించి వినడం మానేశాయి.

దీనికి కారణం చెప్పకపోతే ఐలవ్వకు అన్యాయం చేసినట్టే. బండపల్లెలో గడీ ఉండేది, గడీలో దొర ఉండేవాడు. సద్దుల నాడు ఊళ్లోని ఆడవాళ్లంతా ముందు గడీ వాకిట్లో ఆడాలి. దొరసాని చాలు అన్నాకే తమ బతుకమ్మలను ఎత్తుకోవాలి. ఐలవ్వకు పదేళ్లప్పుడు యాదవ్వకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అయినా రావాల్సిందే అన్నారు. పొద్దుగూకేదాకా ఆడి ఆడి, యాదవ్వ అక్కడే పూల మీద పడిపోయింది. పూలు పాడయ్యాయని దొరసాని విసుక్కుంది గానీ, మనిషి పడిపోయిందని అనలేదు. ఆ రోజు పదేళ్ల పిల్ల ఒట్టు పెట్టుకుంది, తన నోట ఏ దొర పేరూ పాటలో రాదని. తరువాత రైతులు లేచారు, దొర హైదరాబాద్ పోయాడు, గడీకి తాళం పడింది. ఒట్టు మాత్రం ఉండిపోయింది.

అందుకని పాటలో విమానాన్ని కొండల్ ఒక్కడే నడిపాడు.

*సంద్రంల ఓడుంది ఉయ్యాలో, ఓడ మీద ఊరుంది ఉయ్యాలో*
*ఒక్కడే ఎగిరిండు ఉయ్యాలో, ఒక్కడే దిగిండు ఉయ్యాలో*

మొదటిసారి విన్నప్పుడు కొండల్ ముఖం మాడిపోయింది. "అక్కా, గట్ల కాదు..." అనబోయాడు. ఐలవ్వ కత్తెర చూపించింది. మరుసటి ఏడు, సరిగ్గా బతుకమ్మకు వారం ముందు, రామేశ్వర్‌రావు ఎక్కిన విమానం సముద్రం మీద ఎగురుతూ తిరిగి రాలేదు. ఆ రోజు కొండల్ అందులో లేడు. ఉత్తరంలో ఆ సంగతి చదివి వినిపిస్తే ఐలవ్వ "అయ్యో పాపం" అంది, నిజంగానే అంది. పాట మాత్రం అట్లాగే ఉంది.

పదిహేనేళ్ల సర్వీసు అయ్యాక కొండల్ ఇంటికొచ్చి మెట్‌పల్లిలో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగంలో చేరాడు. సముద్రం అడుగున ఓడల్ని వెతికినవాడు ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్నాడని ఐలవ్వ వదినా మరదళ్ల మధ్య నవ్వేది. వేరే ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేది కాదు.

తొంభై ఒకటి సద్దుల బతుకమ్మకు మూడు రోజుల ముందు, ఆ కొండల్ సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో కార్డు ముక్క.

"అక్కా, జర కత్తెర పక్కన పెట్టు. ఒక మాట సెప్పాలె."

"పెట్ట. సెప్పు."

"మా సారు వాళ్లమ్మ వస్తున్నది. జానకీబాయమ్మ. ఆసిఫాబాద్ కెల్లి."

"ఎందుకు?"

కొండల్ మీసం సవరించుకున్నాడు. తల గోక్కున్నాడు. "నేను యాడాదికో కార్డు రాస్తుంట ఆమెకు. సారు పోయినప్పటి సంది రాస్తున్న. పోయినసారి రాసేటప్పుడు... మా అక్క మన ఇమానం మీద పాట కట్టింది, ప్రతి బతుకమ్మకు ఊరంత పాడుతరు అని రాసిన."

"అయితే?"

"అయితే ఏంది అక్కా! మన ఇమానం అన్న గదా. కొడుకు పేరు పాటల ఉన్నదనుకుంది. డెబ్భై ఏండ్ల ముసలమ్మ. మోకాళ్లు పనిచేస్తలేవట. సచ్చేలోపల ఒక్కసారి నా కొడుకు పేరు పదిమంది నోట్ల వినాలె అని రాసింది."

కత్తెర ఆగింది. అది ఒక్క క్షణమే.

"అబద్ధం రాసింది నువ్వు. నువ్వే సెప్పుకో."

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంట. రెండు ముక్కలు కలుపు. నీకెంత పని?"

"ఇరవై ఏండ్ల పాటరా అది! ఊరంత నోటికచ్చింది. నడుమల మార్సుమంటవా? అదీ ఒక దొర కోసం?"

"ఆయన దొర కాదు. మా సారు."

"రావు అంటే దొర కాదా? మన అవ్వను పూల మీద పడేసినోళ్ల పేరు చివర ఏమున్నదిరా? నా పాటల దొరోని పేరు రాదు. రానే రాదు. పో, పోయి నీ బ్యాంకు కాసుకో."

కొండల్ సైకిల్ స్టాండు తీశాడు. "సారు లేకుంటే నేను లేను అక్కా. నువ్వు పాడెటందుకు తమ్ముడే ఉండకపోతుండె," అని సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు ఐలవ్వ చేసిన బీడీలన్నీ వదులుగా వచ్చాయి. ఆకును తిట్టింది, తంబాకును తిట్టింది, కంపెనీ వాణ్ణి తిట్టింది.

సద్దుల రోజు మధ్యాహ్నం బస్సు దిగి జానకీబాయి వచ్చింది. ఐలవ్వ జీపు వస్తుందనుకుంది. వెనకాల నౌకర్లు, ఒంటి నిండా నగలు, కుర్చీ తెమ్మనే గొంతు, అన్నీ ఊహించుకుని, దేనికి ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే తెల్ల నేత చీరలో ఒక సన్నటి ముసలామె. చంకలో గుడ్డ మూట. కొండల్ చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ వస్తోంది. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల, అక్కడి నుంచి జగిత్యాల, మెట్‌పల్లి, మళ్లీ బండపల్లె: నాలుగు బస్సులు మారింది. ఐలవ్వ సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"ఐలవ్వవు నువ్వేనా బిడ్డా?" అని అరుగు మీదే చతికిలబడి మూట విప్పింది. మూట నిండా పూలు. అడవి తంగేడు, గునుగు, ఇంకా వాడలేదు. "మీ దిక్కు చేన్లన్నీ పసుపాయె, పూలు దొరుకుతలేవని కొండల్ రాసిండు. మా దిక్కు అడివి పక్కనే గదా. పొద్దుగాల్నే తెంపిచ్చిన."

"గీ పూల మూట పట్టుకుని నాలుగు బస్సులు మారినవా అమ్మా?" అని ఐలవ్వ నోటి నుంచి దానంతటదే వచ్చింది. దొరసాని అనే మాట గొంతులోకి కూడా రాలేదు.

"ఒళ్లోనే పెట్టుకున్న. కండక్టర్ టికెట్ కొట్టాలె అన్నడు. కొట్టు నాయినా, బతుకమ్మ కూడా పయనం చేస్తున్నది అన్న. నవ్వి పొమ్మన్నడు."

అరుగు మీద ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. ఐలవ్వ స్నేహితురాలు భూమవ్వ పీట తెచ్చి వేసింది. ఐలవ్వ తాంబాళం ముందు పెట్టుకుని గుమ్మడాకులు పరిచింది. పూలు వరసలు పేర్చడం మొదలుపెడుతూ "నువ్వు కూడ ఒక వరస పెట్టమ్మా," అంది.

జానకీబాయి చేతులు వెనక్కి తీసుకుంది. "మా ఇంట పేర్చుడు బందయ్యింది బిడ్డా. రాము పోయింది పండుగ ముంగటనే గదా. పద్దెనిమిదేండ్లయె. మీరు పేర్వుండ్రి, నేను పూలు అందిస్త."

ఆమె అందిస్తుంటే ఐలవ్వ పేరుస్తూ పోయింది. రెండు వరసలయ్యాక ఇక ఉండబట్టలేకపోయింది. సాయంత్రం అందరి ముందూ ఆమె మొహం వాడిపోవడం కన్నా ఇప్పుడే చెప్పేయడం మంచిదనుకుంది.

"అమ్మా, ఒక మాట. నా పాటల..."

"ఆఁ, పాట అంటే యాదికచ్చింది," అని జానకీబాయి బొడ్లో నుంచి ఒక కవరు తీసింది. మడతలు పడీ పడీ చినిగిపోతే బట్ట అతికించిన ఉత్తరం. "గిది నీకు సూపియ్యాలనే తెచ్చిన. నా రాము రాసింది. యుద్ధమయినంక రాసిండు. నీకు చదువు రాదని కొండల్ చెప్పిండు. నేను చదువుత విను."

గడప దగ్గర నిలబడ్డ కొండల్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, గా ఉత్తరం ఇప్పుడెందుకు..." అన్నాడు. జానకీబాయి కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

*"అమ్మా, నా వెనక సీట్లో కూర్చునే అతను మన దిక్కువాడే, మెట్‌పల్లి. పేరు కొండల్. ఆ రోజు వాన, మబ్బు. రెండుసార్లు తాడు అందలేదు. మూడోసారి అందకపోతే సముద్రమే. నీకు అబద్ధం చెప్పను, నా చేతులు వణికాయి. అప్పుడు చెవుల్లో సన్నగా ఏదో వినబడింది. చూస్తే వెనక కొండల్ భయంతో పాడుతున్నాడు. తాను పాడుతున్న సంగతి వాడికే తెలియదు. ఏం పాటరా అన్నాను. మా అక్క పాట సార్, ఐలవ్వ కట్టింది, బతుకమ్మ పాట అన్నాడు. ఆపకు, పాడు అన్నాను."*

ఐలవ్వ చేతిలో గునుగు పువ్వు అట్లాగే ఉండిపోయింది.

*"దూడ పొద్దుగూకాక ఇంటికి వచ్చే పాట అమ్మా అది. పొద్దు గూకె మబ్బు గమ్మె ఉయ్యాలో, లేగమ్మ ఇంటికి రా ఉయ్యాలో. తాడు నీ తావున్నది ఉయ్యాలో, తొవ్వ నీకెరుకున్నది ఉయ్యాలో. మన వాకిట్లో నువ్వు చప్పట్లు కొట్టినట్టే అనిపించింది. నా చేతులు నిమ్మళమైనాయి. ఆ తాళం మీదనే దించాను, తాడు దొరికింది. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరం మెట్‌పల్లి పోదాం. ఐలవ్వను చూడాలి. ఆమె నోట ఆ పాట వినాలి. నన్ను ఒడ్డుకు తెచ్చిన మనిషి ఆమె."*

జానకీబాయి కళ్లజోడు తీసింది. "సెలవు దొరకలే. వాడు రాలే. వాని పేరు మీద నేను వచ్చిన."

ఐలవ్వకు ఆ పాట కొత్తది కాదు. కొండల్‌ను వెంటేసుకుని తిరిగే రోజుల్లో, పన్నెండేళ్ల వయసులో కట్టిన మొదటి పాట అది. ఎప్పుడో మరిచిపోయింది కూడా. ముఖం చూడని మనిషి, దొరల ఇంట పుట్టినవాడు, సముద్రం అవతల కూర్చుని తన పేరును ఉత్తరంలో రాసి తల్లికి పంపాడు. తాను మాత్రం ఇరవై ఏళ్లు అతని పేరును పాటలోకి రానివ్వలేదు. సిగ్గుతో ఐలవ్వ చెవులు కాలిపోయాయి. ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. కోపానికి మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"ఓరి దొంగసచ్చినోడా!" అని తమ్ముడి మీదికి లేచింది. "నా పాట నువ్వు ఇమానంల పాడినవా? ఇరవై ఏండ్ల సంది నాకెందుకు సెప్పలేదురా?"

"ఎట్ల సెప్పాలక్కా?" అన్నాడు కొండల్, నేల చూస్తూ. "మొగోన్ని. నేవీల ఉన్నోన్ని. భయమై బతుకమ్మ పాట పాడిన అని సెప్తే ఊళ్లె తలెత్తుకుని తిరగనిస్తరా?"

భూమవ్వ పడీ పడీ నవ్వింది. "గీ మీసాలు పెట్టుకుని ఉయ్యాలో అన్నవా కొండలా!" అని ఒకరు, "బ్యాంకు ముందట గూడ పాడుతవా?" అని ఇంకొకరు. ముసలామె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఐలవ్వ ఒక్కతే నవ్వలేదు. ఆమె పెదవులు అప్పటికే కదులుతున్నాయి. పాట కడుతోంది.

"పంజాబు సారు పేరేందిరా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"గుర్‌బచన్ సింగ్."

"గీ పేరు ఉయ్యాలకు ఒదుగుతదారా? సరే, సర్దారు అంట. ఏమనుకోడు గదా?"

"నిన్ను సూస్తే ఏమీ అనుకోడక్కా."

పొద్దు వాలేసరికి బడి ముందున్న మైదానంలో ఊరి బతుకమ్మలన్నీ చేరాయి. అన్నింట్లోకి ఐలవ్వ బతుకమ్మే ఎత్తు, అడవి తంగేడు పుణ్యాన. జానకీబాయిని పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. నాలుగు పాటలయ్యాయి. ఐదోది తమ్ముడి పాట. ఐలవ్వ గొంతెత్తింది. సంద్రంల ఓడుంది ఉయ్యాలో. ఆడవాళ్లంతా అందుకున్నారు. ఓడ మీద ఊరుంది ఉయ్యాలో. అందరూ అందుకున్నారు. తరువాతి మాట దగ్గర ఐలవ్వ "ముగ్గురే ఎగిరిరి ఉయ్యాలో" అంది. వంద గొంతులు అలవాటుగా "ఒక్కడే ఎగిరిండు" అనేశాయి.

చప్పట్లు తడబడ్డాయి, వలయం ఆగింది.

"పాట తప్పినవేందే ఐలవ్వా!" అంది భూమవ్వ. ఐలవ్వ పాట తప్పడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఐలవ్వ అందరి వైపూ తిరిగింది. ఆ ఊళ్లో ఎవరి ముందూ తగ్గని మనిషి, ఆ రోజు గొంతు తగ్గించకుండానే తగ్గింది. "తప్పింది గిప్పుడు కాదే. ఇరవై ఏండ్ల కింద తప్పిన. గిప్పుడు సక్క చేస్తున్న. మొదట్నుంచి పాడుండ్రి. ఎవలన్న పాత మాట అన్నరో, కత్తెర ఇంట్లనే ఉన్నది!"

నవ్వులు రేగాయి. పాట మళ్లీ మొదలైంది.

*ముగ్గురే ఎగిరిరి ఉయ్యాలో, మబ్బులు దాటిరి ఉయ్యాలో*
*తొవ్వ జూపె సర్దారు ఉయ్యాలో, ఎనకనుండె కొండలన్న ఉయ్యాలో*
*ముందరున్న మొనగాడు ఉయ్యాలో, జానకమ్మ కొడుకమ్మ ఉయ్యాలో*
*పేరు రామేశుడు ఉయ్యాలో, తాడందుకున్నడు ఉయ్యాలో*

రామేశుడు అన్న మాట వంద గొంతుల్లో నుంచి వచ్చినప్పుడు జానకీబాయి కుర్చీ పట్టుకుని లేచింది. "ఇంకోసారి," అంది. పాడారు. "ఇంకోసారి బిడ్డా." మళ్లీ పాడారు. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. పద్దెనిమిదేళ్లుగా ఆడని మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, వలయంలోకి వచ్చి చప్పట్లు కొట్టింది. తాళం ఒక్కటి కూడా తప్పలేదు. ఐలవ్వ ఆమె పక్కనే వంగి, ఆమె అడుగుకు తన అడుగు తగ్గించుకుని ఆడింది.

పాట అయ్యాక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇగ ఒక్కటే మిగిలింది ఐలవ్వా. గా లేగదూడ పాట. నీ నోట వినాలని వాడు అడిగింది."

ఐలవ్వ నోరు తెరిచింది. తెరిచి, ఆగి, మొగవాళ్లు నిలబడ్డ బడి గోడ వైపు చూసింది. అక్కడ కొండల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నా నోట కాదు, నీ కొడుకు విన్నది వేరే నోరు," అంది. తరువాత ఊరంతా వినేట్టు అరిచింది. "ఓరేయ్ కొండలా! ఇట్ల రా! ఆకాశంల పాడినోనికి భూమ్మీద సిగ్గేందిరా?"

మొగవాళ్లు ఈలలు వేశారు. కొండల్ కదల్లేదు. తరువాత జానకీబాయి ముఖం చూశాడు. చెప్పులు విప్పి, ఆడవాళ్ల వలయం దాటుకుని, బతుకమ్మల పక్కకు వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. పాట మొదట్లో వణికింది, బహుశా ఆ రోజు విమానంలో కూడా అట్లాగే వణికి ఉంటుంది. పొద్దు గూకె మబ్బు గమ్మె ఉయ్యాలో. నవ్వుతున్నవాళ్లు నవ్వడం ఆపారు. లేగమ్మ ఇంటికి రా ఉయ్యాలో. ఐలవ్వ మెల్లగా చప్పట్లతో తాళం అందుకుంది, ఒక్కొక్కరుగా అందరూ అందుకున్నారు.

జానకీబాయి కళ్లు మూసుకుంది. ఆఖరి మాట దాకా అట్లాగే వింది.

"గిదే గొంతా?" అంది కళ్లు తెరవకుండా.

"గిదే అమ్మా," అన్నాడు కొండల్.

"మంచిగున్నది," అంది ఆమె. ఆ తరువాత ఐలవ్వ వైపు తిరిగి, వచ్చే ఏడు తమ వాకిట్లో తానే బతుకమ్మ పేరుస్తానని, అక్కాతమ్ముళ్లిద్దరూ పూలు తెంపడానికి పండుగకు ముందు రోజే ఆసిఫాబాద్ రావాలని చెప్పింది. ఐలవ్వ సరేనంది. అందరూ బతుకమ్మలను తలకెత్తుకుని, రామేశుడి పాట పాడుకుంటూ కాలువ వైపు నడిచారు.